బట్టలుతుకు యంత్రమునకు తెలుగు రాదా?

గోదావరి డెల్టా ప్రజలకు మరమ్మతు విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. ధవళేశ్వరమున ఆనకట్ట 1852లో పూర్తియైనది. తరువాతి కాలమున దాని స్థానమున బ్యారేజి వచ్చినది. అయినను విజ్జేశ్వరమునుండి బయలుదేరి పశ్చిమ డెల్టాను తడుపు కాలువలను వేసవిలో కట్టివేసి, పూడిక తీసి, లాకులను, తూములను సరిచేయు పద్ధతి మాత్రము పోలేదు. తూము పూడినదని కాలువనే విడిచిపెట్టినవారు లేరు. కాలువకు వర్తించు ఈ న్యాయము ఇంటిలోని చిన్న యంత్రమునకు ఏల వర్తింపకున్నది?

పెనుగొండ వంటి ఊళ్లలో వాషింగు మిషను ఈనాడు వింత వస్తువు కాదు. ఒకప్పుడు బట్టలను చవుడులో తడిపి, బానలో ఉబ్బబెట్టి, రేవులో బండపై ఉతికిన రజకుల విద్యలో ప్రతి పనికిని తెలుగుమాట ఉండెడిది. ఆ పని యంత్రమునకు మారినపుడు శ్రమ తగ్గినది, అది మేలే. కాని శ్రమతోపాటు మాటయు ఇల్లు విడిచినది. యంత్రము ఆగిపోయినపుడు దాని పలకపై ఒక ఇంగ్లీషు అక్షరమో, ఒక అంకెయో మెరయును. దాని అర్థము తెలుపు పుస్తకము చాలమందికి ఇంగ్లీషులోనే అందును. ఇల్లాలికి మిగులునది ‘మిషను పాడైనది’ అను ఒక్క మాటయే. తణుకునుండియో, పాలకొల్లునుండియో మెకానిక్కు వచ్చువరకు తడిబట్టలు లోపలనే మగ్గును.

‘పాడైనది’ అనునది రోగము పేరు కాదు. ఒంటిలో బాగులేదన్నంత మాత్రమున వైద్యుడు మందీయడు. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు అని అడుగును. యంత్రము విషయమునను అట్లే అడుగవలెను. దీపము వెలుగుచున్నదా? నీరు చేరుచున్నదా? చేరిన నీరు బయటకు పోవుచున్నదా? పోయిన పిమ్మట బట్టలను పిండుచున్నదా? ఈ నాలుగు ప్రశ్నలతోనే సగము చిక్కు విడిపోవును.

దీపము వెలుగనిచో ముందు ప్లగ్గును, ఫ్యూజును చూడవలెను. దీపము వెలిగియు యంత్రము కదలనిచో తలుపు సరిగా పడినదో లేదో చూడవలెను. నీరు సన్నగా చేరుచున్నచో కుళాయి కట్టి, గొట్టము విప్పవలెను. అది యంత్రముతో కలియుచోట చిన్న జల్లెడ ఉండును. మేడమీది ట్యాంకులోని నాచు, ఒండ్రు అక్కడ చేరి నీటిని అడ్డగించును. పాత పళ్ల బ్రష్షుతో కడిగినచో చాలును. నీరు బయటకు పోనిచో గొట్టము మడతపడినదేమో చూడవలెను. ముందువైపు తలుపు గల యంత్రములలో పెక్కింటికి క్రిందిభాగమున ఒక మూత, దాని వెనుక మరియొక జల్లెడ ఉండును. జేబులో మరచిన రూపాయి బిళ్ల, తలపిన్ను, గుండీ అక్కడనే దొరకును. లోపలి నీరు చల్లారిన పిమ్మట, క్రింద పళ్లెము పెట్టి, ఆ మూతను మెల్లగా విప్పవలెను. పిండునప్పుడు యంత్రము గంతులిడినచో దాని కాళ్లు నేలకు సమముగా ఆనినవో లేదో చూచి, ఒకవైపే ముద్దగా చేరిన దుప్పటిని సర్దవలెను. వీనిలో ఏ ఒక్కటియు పెద్దవిద్య కాదు.

‘యంత్రము నిపుణుల పని, ఇంటివారు చేయి పెట్టినచో ప్రమాదము, పైగా గ్యారంటీ పోవును’ అని కొందరందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. ప్లగ్గు ఊడదీయక ఏ మూతయు విప్పరాదు. యంత్రమును తాకినపుడు చురుక్కుమన్నచో విద్యుత్తు నిలిపివేసి, ఎర్తు సరిచేయించిన తరువాతనే వాడవలెను. కెపాసిటరు ప్లగ్గు తీసిన పిమ్మటను విద్యుత్తును పట్టియుంచగలదు. దానిని, మోటారును, లోపలి బోర్డును మెకానిక్కుకే విడువవలెను. అయితే ఏది తాకవచ్చునో, ఏది తాకరాదో ఇంటివారికి తెలుపవలసినది యంత్రముతో వచ్చు పుస్తకమే కదా! ప్రాణము కాపాడవలసిన హెచ్చరిక చదువరికి రాని భాషలో ఉన్నచో అది హెచ్చరిక ఎట్లగును? ప్రమాదము గూర్చిన వాదము తెలుగు పుస్తకమునకు అడ్డు కాదు. దాని అవసరమునే అది చాటుచున్నది.

మరమ్మతు చేయించుకొనుట కొన్నవారి హక్కు అను భావము దేశదేశములలో బలపడుచున్నది. ఐరోపా సమాఖ్యలో వాషింగు మిషనుల విడిభాగములు కొన్నింటిని, ఆ రకపు చివరి యంత్రము మార్కెట్టులోకి వచ్చిన పిమ్మట కనీసము 10 ఏండ్లు అందుబాటులో ఉంచవలెనను నియమము 2021 మార్చినుండి అమలులోనికి వచ్చినది. భారత ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో ఈ హక్కును పరిశీలించుటకు ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. గృహోపకరణములును దాని పరిధిలోనివే. ఇది హర్షింపదగినదే. కాని చదివి గ్రహింపలేని సమాచారము అందుబాటులో ఉండియు లేనట్టిదే.

ఇందుకు తెలుగునకు శక్తి చాలదనువారు ఒక గ్రంథమును తలచుకొనవలెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వ్యవసాయ పదములతో 1962లో వెలువరించినది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. అందలి మాటలు గదిలో కూర్చుండి కల్పించినవి కావు. రైతుల నోట, నేతగాండ్ర నోట నలుగుచున్నవానిని ఊరూర తిరిగి సేకరించినవి. నేడు వెళ్లవలసినది మెకానిక్కు దుకాణమునకు. అక్కడ గొట్టము, జల్లెడ, మర అను మాటలతోపాటు బెల్టు, డ్రమ్ము, మోటారు అనునవియు తెలుగు మాటలవలెనే వినవచ్చును. వానిని వెళ్లగొట్టి ‘జలనిర్గమ నాళిక’ వంటి సమాసములను తెచ్చిపెట్టినచో ఇల్లాలికి ఇంగ్లీషు ఎంతయో ఈ తెలుగును అంతే.

కంపెనీలు తమంత తాముగా ఈ పని చేయునని ఎదురుచూచుట వ్యర్థము. కళాశాలల తెలుగు శాఖలు, ఐటిఐలలో పాఠము చెప్పువారు, అనుభవము గల మెకానిక్కులు కలిసి కూర్చున్నచో నాలుగు పుటల తెలుగు పుస్తకము వ్రాయుట కష్టము కాదు. కొనువారును దుకాణములో ధర అడుగునపుడే తెలుగు పుస్తకము ఏదని అడుగవలెను. వేలు పోసి కొన్న వస్తువుతో తమ భాషలో నాలుగు పుటలు కోరుట అత్యాశ కాదు.