‘సర్వర్ డౌన్’ వెనుక ఏం జరుగుతుంది? రెండు కాపీలున్నా డేటా ఎందుకు పోతుంది?

రాత్రి 11.45 దాటాక ఐఆర్‌సీటీసీ యాప్‌లో టికెట్ బుక్ చేద్దామంటే కుదరదు. 12.20 దాకా ఆగాల్సిందే. రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ రోజువారీ నిర్వహణ పనుల కోసం తీసుకునే విరామం ఇది. ముందే చెప్పి ఆపుతారు కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

చెప్పకుండా ఆగిపోయినప్పుడే అసలు ఇబ్బంది. మీసేవ కేంద్రంలోనో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనో, ఆర్టీఏ కౌంటర్ దగ్గరో ‘సర్వర్ డౌన్’ అనే మాట వినని వారు అరుదు. నెట్‌వర్క్ సమస్యో, రద్దీయో అయితే గంటలో, రెండు గంటల్లో సర్దుకుంటుంది. డేటాను దాచే డిస్కుల్లోనే లోపం వస్తే మాత్రం రోజులు పట్టొచ్చు. ఒక్కోసారి రికార్డులే తిరిగి రాకపోవచ్చు.

అలాంటప్పుడు సాధారణంగా వినిపించే భరోసా ఒకటుంది. ‘డేటాకు రెండు కాపీలున్నాయి, భయం లేదు’ అని. ఇది సగమే నిజం. ఎందుకో చూద్దాం.

సికింద్రాబాద్‌తో సంబంధం ఏమిటి?

రైల్వే టికెట్ల కంప్యూటరీకరణ 1985-86లో న్యూఢిల్లీలో మొదలైంది. అప్పట్లో ఒక్కో కేంద్రం విడివిడిగా పనిచేసేది. అన్నిటినీ కలిపేందుకు రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరు ‘కాన్సర్ట్’. దాన్ని దేశంలో మొదట 1994 సెప్టెంబర్‌లో అమలు చేసింది సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. ఏ ఊరి కౌంటర్ నుంచైనా మరో ఊరి రైలుకు టికెట్ తీసుకునే వీలు అలా వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్ నడిచేది ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌పై. ఆగకుండా నడవాల్సిన పనులకు అది పేరున్న వ్యవస్థ. ఒకే డేటాను ఒకేసారి రెండు మూడు డిస్కులపై రాసే ఏర్పాటు అందులో ఉంది. దాన్ని ‘వాల్యూమ్ షాడోయింగ్’ అంటారు. మిగతా చోట్ల దీనికే డిస్క్ మిర్రరింగ్ అని పేరు.

మిర్రరింగ్ అంటే?

ఒకే పహాణీని ఇద్దరు గుమాస్తాలు రెండు పుస్తకాల్లో ఒకేసారి రాస్తున్నారనుకోండి. ఒక పుస్తకం తడిసిపోయినా రెండోది ఉంటుంది. పని ఆగదు. డిస్క్ మిర్రరింగ్ కూడా అంతే. మీ పేరు, బెర్త్ నంబరు రెండు డిస్కులపైనా పడ్డాకే ‘బుకింగ్ పూర్తయింది’ అని సమాధానం వస్తుంది. ఒక డిస్క్ చెడిపోతే రెండోది పని కొనసాగిస్తుంది. ఇంజినీర్ చెడిన డిస్క్ తీసి కొత్తది పెడతారు. పాత డిస్క్‌లోని డేటా అంతా కొత్తదాంట్లోకి కాపీ అవుతుంది.

మరి పైఅధికారి తప్పు పేరు చెబితే? ఇద్దరు గుమాస్తాలూ తప్పు పేరే రాస్తారు. మిర్రరింగ్ పరిమితి అంతా ఈ ఒక్క మాటలో ఉంది. అది డిస్క్ పాడవడం నుంచి కాపాడుతుంది కానీ తప్పుల నుంచి కాపాడదు.

రెండు కాపీలూ ఎలా దెబ్బతింటాయి?

మొదటిది, హెచ్చరికను చూడకపోవడం. ఒక డిస్క్ పోయినా సేవలు మామూలుగానే నడుస్తాయి. కౌంటర్ దగ్గర ఎవరికీ తేడా తెలియదు. స్టోరేజీ పెట్టెపై ఎర్ర దీపం వెలుగుతుంది, ఓ ఈమెయిల్ వెళ్తుంది. ఆ ఈమెయిల్ ఎప్పుడో బదిలీ అయిన ఉద్యోగి పేరు మీద ఉంటే అంతే సంగతులు. రెండో డిస్క్ పోయిన రోజే విషయం బయటపడుతుంది.

రెండోది, తిరిగి కాపీ అయ్యే సమయం. 12 టెరాబైట్ల డిస్క్‌ను సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపినా దాదాపు 22 గంటలు పడుతుంది. సేవలు ఆపకుండా చేస్తే ఇంకా ఎక్కువే. అంతసేపూ మిగిలిన ఒక్క డిస్కే దిక్కు. ఏళ్లుగా ఎవరూ చదవని ఏదో మూల దానిలోనూ చెడిపోయి ఉంటే, అది బయటపడేది ఆ కాపీ సమయంలోనే.

మూడోది, కవల డిస్కులు. రెండూ ఒకే రోజు కొని, ఒకే రోజు ఆన్ చేసినవైతే ఒకే లోపం రెండింటినీ ఒకేసారి పడగొట్టొచ్చు. 2019 నవంబర్‌లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ ఇలాంటి హెచ్చరికే చేసింది. తమ సర్వర్లలో వాడే కొన్ని ఎస్ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ మార్చకపోతే సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయని, వాటిలోని డేటా తిరిగి రాదని చెప్పింది. అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు. అలాంటి రెండు డిస్కులతో మిర్రర్ కట్టుకుని ఉంటే రెండూ కొద్ది తేడాతో పోతాయి.

నాలుగోది, రెండోది సిద్ధంగా ఉన్నా దానికి మారకపోవడం. 2020 అక్టోబర్ 1న టోక్యో స్టాక్ ఎక్స్చేంజ్ రోజంతా మూతపడింది. ఒక స్టోరేజీ పరికరంలో మెమరీ చెడిపోయింది. రెండో పరికరం బాగానే ఉంది. సెట్టింగ్‌లో ఉన్న లోపం వల్ల వ్యవస్థ దానికి మారలేదు. ఎక్స్చేంజ్ అధ్యక్షుడు ఆ నవంబర్‌లో రాజీనామా చేశారు.

అయిదోది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, తప్పును నమ్మకంగా కాపీ చేయడం. 2010 ఆగస్టు 25న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జరిగింది ఇదే. ప్రభుత్వ డేటా సెంటర్‌లోని స్టోరేజీలో మెమరీ కార్డుల లోపం కనిపించింది. కార్డు మార్చే పనిలో డేటా పాడైంది. పని మొదలుపెట్టే ముందు, దూరంగా ఉన్న రెండో కేంద్రానికి వెళ్లే కాపీని ఆపలేదు. దాంతో పాడైన డేటా అక్కడికీ చేరి, ఆపద కోసం ఉంచుకున్న కాపీ కూడా చెడింది. 26 ప్రభుత్వ సంస్థలపై ప్రభావం పడింది. దాదాపు వారం పాటు డ్రైవింగ్ లైసెన్సులు ఇవ్వలేకపోయారు. నష్టాన్ని పెద్దది చేసింది మరమ్మతు జరిగిన తీరు.

మరి ఇంజినీర్లు ఏం చేయాలి?

మిర్రర్ లోపం కనిపించగానే డిస్క్ లాగేయకూడదు. చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది.

ముందు లాగ్ చదవాలి. చెడింది డిస్కా, కేబులా, కంట్రోలరా అన్నది తేలాలి. కేబుల్ వదులైనా డిస్క్ పోయినట్టే చూపిస్తుంది.

తర్వాత బ్యాకప్ ఉందా, అది తెరుచుకుంటోందా అని చూసుకోవాలి. రెండో కేంద్రానికి వెళ్లే కాపీని తాత్కాలికంగా ఆపాలి. వర్జీనియా నేర్పిన పాఠం ఇది.

డిస్క్ తీసేటప్పుడు స్లాట్ నంబరుతో పాటు సీరియల్ నంబరు కూడా సరిపోల్చాలి. పాడైనదాని బదులు బాగున్న డిస్క్ లాగేస్తే మిగిలిన ఒక్క కాపీ కూడా చేజారుతుంది.

రెండు కాపీల్లో తేడా వస్తే ఏది సరైనదో మిర్రర్ చెప్పలేదు. చెక్‌సమ్ ఉంటేనే తేలుతుంది. అది లేకుండా ‘సింక్’ నొక్కితే తప్పు కాపీ ఒప్పును తుడిచేసే ప్రమాదం ఉంది.

ఇవన్నీ చేయాలంటే కొంతసేపు సేవలు ఆపాల్సి రావచ్చు. కౌంటర్ ముందు క్యూ పెరుగుతుంటే పైనుంచి ఒత్తిడి వస్తుంది. తొందరలో ఈ వరుస తప్పితే గంటల సమస్య వారాల సమస్య అవుతుంది.

మిర్రర్ వేరు, బ్యాకప్ వేరు

బ్యాకప్ అంటే నిన్నటి, మొన్నటి డేటాను విడిగా తీసి, అసలు వ్యవస్థ తాకలేని చోట దాచడం. ఈ తేడా ఎంత ముఖ్యమో రెండు ఘటనలు చెబుతాయి.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడింది. ఇలాంటి దాడిలో మిర్రర్ అక్కరకు రాదు, ఎందుకంటే తాళం పడిన డేటా కూడా అలాగే కాపీ అవుతుంది. దాడి చేరని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అప్పటిదాకా ఓపీ, ల్యాబ్ పనులు కాగితాల మీదే నడిచాయి.

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. పరిమాణం ఎక్కువని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు. సాంకేతికతలో ముందున్న దేశంలోనే ఇలా జరిగింది.

మనం అడగాల్సింది ఏమిటి?

తెలంగాణలో భూమి రికార్డులు 2020 అక్టోబర్‌లో ధరణికి, 2025 ఏప్రిల్‌లో భూభారతికి మారాయి. జనన ధ్రువపత్రం నుంచి ఈసీ దాకా అన్నీ ఆన్‌లైనే. కాగితం రిజిస్టర్ వాడకం తగ్గేకొద్దీ డిస్క్‌లో ఉన్నదే అసలు రికార్డు అవుతోంది. అందుకే ‘రెండు కాపీలున్నాయా?’ అన్న ప్రశ్న సరిపోదు. ‘బ్యాకప్ నుంచి డేటాను చివరిసారి ఎప్పుడు తిరిగి తెచ్చి చూశారు?’ అని అడగాలి. బ్యాకప్ తీయడం ఒక పని, అది తెరుచుకుంటుందని తేల్చుకోవడం ఇంకో పని.

సమాచార హక్కు చట్టం కింద ఏ శాఖనైనా ఈ తేదీ అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్వర్ల వివరాలు భద్రతకు సంబంధించినవని నిరాకరించొచ్చు కానీ ఒక తేదీ చెబితే భద్రతకు వచ్చే ముప్పేమీ లేదు.

మీ వైపు నుంచి చేయాల్సింది కూడా ఒకటుంది. డిజీలాకర్‌లో ‘ఇష్యూడ్’ విభాగంలో కనిపించే పత్రాలు సంబంధిత శాఖ డేటాబేస్ నుంచి వచ్చేవి. ఫోన్‌లో కనిపిస్తున్నాయి కదా అని వదిలేయకుండా పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక కాపీ ఫోన్‌లో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. పాస్‌బుక్, సేల్ డీడ్, ఈసీలకు ప్రింటు కూడా తీసిపెట్టుకోండి. ఏదైనా రికార్డు పోయిందని రేపు ఆఫీసుకు పిలిస్తే మీ మాటకు ఆధారం అదే.