తప్పెవరిది?

మొన్న ఆదివారం బొంతపల్లిలో వీరభద్రస్వామి దర్శనం చేసుకుని మా బంధువుల ఇంట్లో కూర్చున్నాను. తెలుగు లెక్చరర్ వచ్చాడని తెలిసి పక్కింటి అమ్మాయి నమూనా ప్రశ్నపత్రం పట్టుకుని వచ్చింది. తండ్రి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. పిల్ల టెట్‌కు చదువుతున్నది. 150 ప్రశ్నలలో 30 తెలుగువి. గట్టెక్కడానికి ఆమెకు 90 మార్కులు కావాలి. వచ్చినవి 89.

పోయిన ఆ ఒక్క మార్కు సంగతి ఇది. దోషమున్న వాక్యాన్ని గుర్తించమని ప్రశ్న. ‘ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఉన్నారు’ అన్నది మొదటిది. అందులో పేచీ లేదు. రెండవది, ‘కర్మాగారం ఆధునీకరణకు నిధులు కేటాయించారు.’ మూడవది, ‘మా నాయన పట్నం పోయిండు.’

అమ్మాయి రెండవదానికి గుర్తు పెట్టింది. జవాబుల పట్టికలో మూడవది ఉన్నది.

“నవ అంటే నవీకరణ, శుద్ధ అంటే శుద్ధీకరణ. ఆధునిక అంటే ఆధునికీకరణ కావాలె గద సార్? మధ్యల ‘క’ ఎటు పోయింది?” అన్నది.

పిల్ల చెప్పినదే వ్యాకరణం. అకారాంత పదానికి ‘కరణ’ చేరితే చివరి అకారం ఈకారమవుతుందే గాని, హల్లు ఊడిపోదు. ‘ఆధునీకరణ’ రావాలంటే ‘ఆధున’ అనే మాట ఉండాలి, అది లేదు. (కళాశాల నివేదికలలో నేనూ ఆ మాట రాసి సంతకం పెట్టినవాణ్ణే. ఆ పిల్లకు చెప్పలేదు.)

ఇక ‘పోయిండు.’ ‘వాడు’ పాత తెలుగులో ‘వాండు’. పుస్తకాలలో అరసున్నగా చిక్కిపోయిన ఆ సున్న తెలంగాణం నోట నిండుగానే నిలిచిందని నాకనిపిస్తుంది. ‘పోయాడు’ ఒక రూపం, ‘పోయిండు’ మరొకటి. పరీక్షలో పాఠ్యపుస్తకాల భాషే రాయమనడం తప్పు కాదు. అలాగైతే ప్రశ్న కూడా ‘పాఠ్యపుస్తకాల భాషలో లేని రూపమేది?’ అని ఉండాలి. దోషం అన్నప్పుడు ఆ మాట తండ్రి నోటికి తగులుతుంది.

ఈ తగవు కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1933లో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అచ్చువేసి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతలలోనే వ్యాకరణదోషాలు ఏరి చూపించారు. తప్పులు దిద్దే చేతికీ తప్పులుంటాయని ఆయన పుటలకొద్దీ ఉదాహరణలిచ్చారు. ఈ ప్రశ్నపత్రం కూర్చినవారు ఆ పుస్తకం చూచినట్లు లేదు.

“మరి అసలు పరీక్షల ఇదే ప్రశ్న వస్తే ఏది పెట్టాలె సార్?”

నాకు వెంటనే నోరు రాలేదు. ఒక్క మార్కుతో ఏడాది పోవచ్చు.

“మూడవదే పెట్టమ్మా” అన్నాను.

అమ్మాయి పెన్సిలుతో గుర్తు మార్చింది. అంతలో షిఫ్టు దిగి తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె గబుక్కున కాగితం మడిచి, “నాయనకు చెప్పకుండ్రి సార్” అన్నది.