మార్కు పక్కన పేరు ఉండాలి

సంక్రాంతికి మా కాలనీలో ఏటా ముగ్గుల పోటీ పెడతారు. ఓ ఏడు నన్నూ జడ్జీగా కూర్చోబెట్టారు. చీటీ మీద మార్కు వేసి డబ్బాలో పడేయాలి, జడ్జీ పేరు రాయక్కర్లేదు అన్నారు. పోటీలో మా ఆడపడుచు కూతురు కూడా ఉంది. దాని ముగ్గులో ఓ మూల చుక్కలు వంకర పోయాయి. నేను చూశాను. చూసి కూడా, రంగులు ఎంత బాగా కుదిరాయో అనుకుని పదికి తొమ్మిది వేశాను. పక్క వీధి పిల్ల వేసిన మెలికల ముగ్గులో ఒక్క గీత తప్పితే ఒట్టు. దానికి ఎనిమిదిన్నర వేశాను. అందరి మార్కులూ కూడితే అర మార్కు తేడాతో మా పిల్లకే మొదటి బహుమతి వచ్చింది. ఆ రెండో పిల్ల ఎవర్నీ ఏమీ అనలేదు. కాసేపు తన ముగ్గు వంకే చూసి ఇంటికెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత ఆ పిల్ల మొహం మళ్ళీ గుర్తొచ్చింది. మొన్న మా అమ్మాయి పాత ఒలింపిక్స్ పోటీలు చూస్తూ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. ఫిగర్ స్కేటింగ్ అంటారు. బూట్ల కింద కత్తి అంచులాంటి ఇనుప పలకలు బిగించుకుని, నున్నటి మంచు మీద పాటకి తగ్గట్టు జారుతూ, గాల్లోకి ఎగిరి మూడేసి చుట్లు తిరిగి ఒంటి కాలి మీద దిగుతారు ఆ పిల్లలు. చూస్తుంటే మన గుండె ఆగిపోతుంది.

పరుగు పందెంలో ఎవరు ముందో గడియారం చెబుతుంది. ఇందులో అలా కాదు, జడ్జీలు చెప్పాలి. ఆ జడ్జీల్ని పంపేది ఒక్కో దేశపు స్కేటింగ్ సంఘం. మంచు మీదకి పిల్లల్ని పంపేదీ ఆ సంఘాలే! అంటే ఆడపడుచు కూతురికి మేనత్తలే మార్కులు వేస్తున్నట్టన్నమాట.

1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో జరిగిన పోటీ చూడండి. ఒకవైపు అమెరికా అమ్మాయి నాన్సీ కెరిగన్. ఆ జనవరిలోనే ఆమె కాలి మీద ఒకడు ఇనుప కర్రతో కొట్టాడు. దాని వెనక ఉన్నది సొంత దేశంలోని ప్రత్యర్థి టోన్యా హార్డింగ్ మాజీ భర్త. ఆ దెబ్బ నుంచి కోలుకుని పోటీకొచ్చింది పాపం. ఇంకోవైపు యుక్రెయిన్ పిల్ల ఒక్సానా బైయుల్. పదహారేళ్ళది, తల్లి లేని పిల్ల. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు బైయుల్ అన్నారు, నలుగురు కెరిగన్ అన్నారు. బైయుల్‌కి వేసిన వాళ్ళు యుక్రెయిన్, పోలండ్, చెక్, చైనా, జర్మనీ జడ్జీలు. కెరిగన్‌కి వేసిన వాళ్ళు అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ జడ్జీలు. దేశపటం మీద గీత గీసినట్టు లేదూ? ఇద్దరు పిల్లలూ బాగానే చేశారు. అయినా ఆ గీత చూశాక ఎవరి మనసైనా కాస్త చివుక్కుమంటుంది.

2002లో సాల్ట్ లేక్ సిటీలో సంగతి మరీ ముదిరింది. అది జంటల పోటీ. రష్యా జంటకి మొదటి స్థానం ఇచ్చిన ఫ్రాన్స్ జడ్జీ, తన మీద సొంత సంఘం వాళ్ళు ఒత్తిడి తెచ్చారని చెప్పి, తర్వాత మాట మార్చింది. గొడవ గొడవై, చివరికి కెనడా జంటకి కూడా స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. ఆ దెబ్బతో ఆరు మార్కుల పాత పద్ధతి పోయింది. ఒక్కో గెంతుకీ ఇన్ని మార్కులని ముందే రాసిపెట్టారు. అప్పట్లో జడ్జీలు దానికి మూడు దాకా కలిపేవాళ్ళు, లేదా మూడు దాకా తీసేసేవాళ్ళు. హొయలకీ, నేర్పుకీ మార్కులు వేరే. ఇంతవరకూ బాగానే ఉంది. దాంతోపాటు ఇంకో పని చేశారు. ఏ మార్కు ఏ జడ్జీ వేశారో బయటికి తెలియకుండా దాచేశారు. పేరు తెలియకపోతే సొంత దేశం వాళ్ళు నిలదీయలేరు, జడ్జీ ధైర్యంగా న్యాయం చెబుతారు అని వాళ్ళ ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. మా కమిటీ వాళ్ళూ అదే అనుకుని ఉంటారు.

తర్వాత 2014. రష్యాలోని సోచి. కొరియా అమ్మాయి కిమ్ యూనా అప్పటికే 2010 వాంకూవర్‌లో 228.56 మార్కులతో స్వర్ణం గెలిచింది. సోచిలో మొదటి రోజు కూడా ఆమే ముందు. రెండో రోజు ఒక్క తప్పు లేకుండా చేసింది. రష్యా పిల్ల అదెలీనా సోట్నికోవాకి పదిహేడేళ్ళు. ఓ గెంతు చివర రెండు కాళ్ళ మీద దిగింది. మార్కులు చూస్తే సోట్నికోవాకి 224.59, యూనాకి 219.11. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సోట్నికోవా మూడు చుట్ల గెంతులు ఏడు వేసింది, యూనా ఆరే వేసింది. కాబట్టి గెలుపు న్యాయమే అన్నవాళ్ళూ ఉన్నారు.

కానీ జడ్జీల్లో ఒకావిడ రష్యా స్కేటింగ్ సంఘం పెద్దాయన భార్య. పోటీ అయ్యాక ఆవిడ సోట్నికోవాని కౌగలించుకోవడం అందరూ చూశారు. ఇంకొకాయన 1998లో మార్కుల బేరం వ్యవహారంలో ఏడాదిపాటు సస్పెండైన మనిషి. వాళ్ళు ఎవరికి ఎంత వేశారు? చెప్పేవాళ్ళు లేరు. పేర్లు దాచేశారు కదా! కొరియా వాళ్ళు ఫిర్యాదు చేస్తే అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం ఆ జూన్‌లోనే కొట్టేసింది. ఆ జడ్జీలు న్యాయంగానే వేశారేమో. కానీ ఆ మాట రుజువు చేసుకునే దారి కూడా వాళ్ళకి లేకుండా పోయింది.

అమెరికాలో ఒక ఆర్థికశాస్త్ర ప్రొఫెసరు ఈ మార్కులన్నీ లెక్కలు కట్టి చూశాడు. జడ్జీలు తమ దేశం వాళ్ళకి కాస్త ఎక్కువే వేస్తారట. పేర్లు దాచాక అది తగ్గకపోగా పెరిగిందట. నాకైతే ఆశ్చర్యం కలగలేదు. ఆ రోజు చీటీ మీద నా పేరు రాయమని ఉంటే, నేను ఆ తొమ్మిది వేసి ఉండేదాన్నా? ఆ వంకర చుక్కల దగ్గర ఇంకో నిమిషం ఆగేదాన్ని కాదూ?

చివరికి 2016లో వాళ్ళూ తెలుసుకున్నారు. ఇప్పుడు ఏ మార్కు ఎవరు వేశారో పేరుతో సహా అందరికీ తెలుస్తుంది. దాంతో పక్షపాతం పూర్తిగా పోయిందని చెప్పను. మనిషికి తన పిల్ల ముద్దు, తన ఊరు ముద్దు. అయితే నలుగురూ చూస్తున్నారంటే చెయ్యి కాస్త జంకుతుంది. ఆ జంకు మంచిదే.

ఇంకో మాట. సోచి తర్వాత జనం ఆ సోట్నికోవాని నానా మాటలూ అన్నారు. ఆ పిల్ల ఏం చేసిందండీ? మంచు మీదకి వెళ్ళి తనకొచ్చింది చేసింది. మార్కులు తను వేసుకోలేదు. యూనా మాత్రం పతకం అందుకుని, తను చేసింది తనకి తృప్తిగా ఉందని చెప్పి ఆట నుంచి విరమించింది. ఇద్దరిలో ఎవరి మీదా మనం కోపం పెట్టుకోనక్కర్లేదు. అడగాల్సింది బల్ల వెనక కూర్చున్న వాళ్ళని.

బల్ల వెనక కూర్చున్న వాళ్ళలో నేనూ ఒకదాన్ని. తర్వాత ఓసారి మళ్ళీ జడ్జీగా రమ్మంటే, మా ఇంటి పిల్లలు పోటీలో ఉంటే నేను రాను, వచ్చినా చీటీ మీద నా పేరు రాస్తాను అన్నాను. వాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి. మన ఇళ్ళల్లో కూడా పిల్లల గొడవ తీర్చేటప్పుడు, కోడలి వంటా కూతురి వంటా పక్కపక్కన రుచి చూసేటప్పుడు, మనం వేసే మార్కు పక్కన మన పేరు రాసుకోగలమా? ఒక్కసారి ఆలోచించండి.