ఫిర్యాదు లేకుండానే వడ్డీ పడాలి

బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో రెండు లేత్ మెషీన్లతో నడిచే షెడ్డుకు వెళ్లి వ్యాపారం ఎలా ఉందని అడగండి. పని ఉంది, డబ్బే రావడం లేదంటారు. సరుకు వెళ్లింది, చలాన్ మీద కంపెనీ స్టోర్స్ ముద్ర పడింది. మూడు నెలలైనా పేమెంటు జాడ లేదు. ఫోన్ చేస్తే ‘సార్ ఊళ్లో లేరు, పై వారం చూద్దాం’ అనే జవాబు. ఈలోగా జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా వరసగా వచ్చిపడతాయి. కొన్నవాడు రూపాయి ఇవ్వకపోయినా బిల్లు రాసిన మరుసటి నెలలో జీఎస్టీ కట్టి తీరాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. బ్యాంకు బాకీ 90 రోజులు దాటితే మొండిబాకీ ముద్ర.

కొన్నవాడికీ గడువు లేకపోలేదు. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లును 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఒప్పందంలో అంతకంటే ఎక్కువ గడువు రాసుకున్నా చెల్లదు. గడువు మీరితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. ఆ తీర్పును కాదనాలంటే కొన్న సంస్థ ముందుగా 75 శాతం జమ కట్టాలి. ఇంత గట్టి చట్టం ఆ షెడ్డు గుమ్మం దాకా రాలేదు.

ఎందుకంటే ఫిర్యాదు చేయాల్సింది చిన్నవాడే. చేతిలో ఉన్న పనిలో ముప్పాతిక వంతు ఒకే కంపెనీదైనప్పుడు, ఆ కంపెనీపై కౌన్సిల్‌కెక్కడమంటే తన షట్టర్ తానే దించుకోవడం. 2017లో వచ్చిన సమాధాన్ పోర్టల్ ఫిర్యాదు రాయడాన్ని సులువు చేసిందే తప్ప ఈ భయాన్ని తీర్చలేదు. గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వని ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖలను అది ఏం చేయగలదు? చిన్న కాంట్రాక్టర్ల బిల్లులను నెలల తరబడి ట్రెజరీలో నానబెట్టే ప్రభుత్వానికి, ప్రైవేటు కంపెనీలకు 45 రోజుల సుద్దులు చెప్పే నైతిక హక్కు లేదు.

మా మాట స్పష్టం. బాధితుడి ధైర్యం మీద ఆధారపడినంత కాలం ఈ చట్టం విఫలమైనట్టే. బిల్లు తేదీ, మొత్తం, కొన్నవారి నంబరు జీఎస్టీ వ్యవస్థలో ఇప్పటికే ఉన్నాయి. పన్ను వసూలుకు పనికొచ్చిన ఆ వివరాలు బాకీ వసూలుకు ఎందుకు పనికిరావు? పైగా కొన్నవాడు 180 రోజుల దాకా డబ్బివ్వకుండానే ఆ బిల్లుపై పన్ను క్రెడిట్ అనుభవించవచ్చు. ఒక చట్టం 45 అంటుంటే ఇంకో చట్టం 180 దాకా ఓపిక పడుతోంది. ఈ వెసులుబాటును 45 రోజులకు కుదించాలి. 46వ రోజున, ఎవరూ అర్జీ పెట్టకుండానే, వడ్డీ కొన్నవాడి మీద పడాలి. ఆ లెక్క మొదట సచివాలయంలోని పెండింగ్ బిల్లులతో మొదలుకావాలి.