మాత్ర ఉచితం సరే, మస్టరులో పేరు ఎక్కడ?



మిల్లు ఆఫీసుల్లో ఈమధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది. "టీబీకి పరీక్ష ఉచితం, మందు ఉచితం, పైగా గవర్నమెంటు నెలనెలా డబ్బు కూడా వేస్తోంది. ఇక యూనియన్‌కు మా గేటు దగ్గర పనేమిటి?" అని అడుగుతున్నారు. అడిగేవారు చదువుకున్నవారు. కనుక చదువుకున్నవారు చేసిన పరిశోధనలతోనే జవాబు చెబుదాం. అవి ఎక్కడో అమెరికాలో చేసినవి కావు. చాలా భాగం మన మద్రాసులో, మన తిరువళ్ళూరు పల్లెల్లో, మన వాళ్ళ తెమడ డబ్బాల మీద, మన వాళ్ళ ఛాతీ ఎక్స్‌రేల మీద జరిగినవే.

క్షయ పరిశోధనలో మన ప్రాంతానికి ఉన్న పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, ఇప్పటి తిరువళ్ళూరు చుట్టుపట్ల పల్లెల్లో, బీసీజీ టీకా పనిచేస్తుందా లేదా అని ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. 3,66,625 మంది పేర్లు రాసుకున్నారు. 2,81,161 మందికి చీటీ వేసినట్టు కొందరికి టీకా, కొందరికి ఉత్త మందునీళ్ళు వేశారు. పదిహేనేళ్ళు వెంట తిరిగి చూశారు. 1999లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, పెద్దవాళ్ళకు ఊపిరితిత్తుల క్షయ రాకుండా ఆ టీకా ఏమాత్రం కాపాడలేదు. పిల్లల్లో కాపాడింది కొంచెమే. (పసిబిడ్డకు బీసీజీ మాననక్కరలేదు. మెదడుకు పట్టే క్షయ నుంచి పసివాళ్ళను కాపాడుతుందని వేరే చోట్ల తేలింది. వేయించండి.) ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుకునే ఈ ఫలితం మన తాతల, తండ్రుల భుజాల మీద గుచ్చిన సూదుల నుంచి వచ్చింది. వాళ్ళు చేయి చాపి సూది పొడిపించుకున్నారు గనుక లోకానికి నిజం తెలిసింది. వాళ్ళ మనవలకు దక్కిందేమిటన్నదే నేను అడుగుతున్నది.

యాజమాన్యాలకు బాగా ఇష్టమైన పరిశోధన మాత్రం ఇంకొకటి ఉంది. దాని సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1956లో మద్రాసులో క్షయ మందుల కేంద్రం పెట్టారు. ఇప్పుడు చెట్‌పట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. అప్పట్లో టీబీ అంటే శానిటోరియం. మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, పాలు, గుడ్లు. అంత సౌకర్యం బీదవాడికి ఎక్కడ దొరుకుతుంది? అందుకని మద్రాసు పేటల్లోని బీద రోగుల్ని రెండు భాగాలు చేశారు. సగం మందిని శానిటోరియంలో పెట్టారు. సగం మందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఏడాది పాటు మందు ఇచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉండి మందు మింగినవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంకో సంగతి, ఇంట్లో ఉన్న రోగుల వల్ల వాళ్ళ కుటుంబాలకు అదనంగా అంటుకున్నది కూడా లేదని తర్వాత ఏళ్ళ తరబడి చూసి తేల్చారు.

గొప్ప పరిశోధన. దాని పుణ్యాన లోకంలో శానిటోరియాలు మూతపడ్డాయి, కోట్లాది బీదలకు ఇంటి దగ్గరే వైద్యం అందింది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ దాని నుంచి పెద్దలు పిండుకున్న నీతి ఏమిటి? "తిండి ముఖ్యం కాదు, విశ్రాంతి ముఖ్యం కాదు, మాత్ర చాలు" అని. ఏళ్ళ తరబడి ఈ మాటే నడిచింది. ఆ పరిశోధన అలా చెప్పలేదు. మందు సరిగా పడితే తెమడలోని క్రిమి చావడానికి శానిటోరియం మంచం అక్కర లేదని మాత్రమే చెప్పింది. ఖాళీ కడుపుతో ఉన్నవాడికి జబ్బు రాదని చెప్పలేదు. ముప్పై అయిదు కిలోల మనిషి బతుకుతాడని చెప్పలేదు. రాత్రి షిఫ్టులో రింగ్‌ ఫ్రేమ్ వెంట నడుస్తూ కోలుకోవచ్చని అసలే చెప్పలేదు.

ఆ ప్రశ్నలకు జవాబులు తర్వాత వచ్చాయి. మన జిల్లాలోనే 2000వ సంవత్సరంలో వైద్యం పొందిన క్షయ రోగుల లెక్క తీశారు. ఎవరు మధ్యలో మందు మానేశారు, ఎవరు చనిపోయారు, ఎందుకు అని చూశారు. చావుకు దగ్గరగా ఉన్నవాళ్ళెవరంటే 35 కిలోల కంటే తక్కువ బరువున్నవాళ్ళు. తాగుడు సంగతి కూడా ఆ లెక్కలో ఉంది, దాచిపెట్టను. యాజమాన్యాలు తాగుడు మాట పట్టుకున్నంత గట్టిగా బరువు మాట పట్టుకోవు, అంతే.

2019లో జార్ఖండ్‌లో ఇంకా పెద్ద పరీక్ష మొదలైంది. చేసినవారిలో మన చెన్నై సంస్థ కూడా ఉంది. 2,800 మంది క్షయ రోగులకు మందుతో పాటు నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు. వాళ్ళ ఇళ్ళలోని 10,345 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండో భాగానికి ఇవ్వలేదు. 2023లో ఫలితం లాన్సెట్ పత్రికల్లో అచ్చయింది. బియ్యం, పప్పు అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. తెమడలో క్రిమి కనబడే ఊపిరితిత్తుల క్షయ అయితే 48 వంతులు తగ్గింది. మొదటి రెండు నెలల్లో నూటికి అయిదు వంతులు బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు 61 వంతులు తక్కువ. చెంగల్పట్టు పెద్దలకు సూది చేయలేని పనిని జార్ఖండ్‌లో పప్పన్నం చేసింది. మందు మానమని నేననడం లేదు, మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆ మాత్రతో పాటు బువ్వ కూడా వైద్యమేనని లాన్సెట్ వారు ఒప్పుకున్నారు. మన అమ్మమ్మలు ఎప్పుడో ఒప్పుకున్నారు.

మరి గవర్నమెంటు వేసే డబ్బు ఎంత? 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు. అంటే రోజుకు 33 రూపాయలు. ఇంట్లోవాళ్ళ తిండి దాతల దయ మీద ఉంది. ఈ 33 రూపాయలు చూపించి జీతం ఎగ్గొట్టేవాళ్ళకు ఒక లెక్క చూపిస్తాను. 1999లో తమిళనాడు క్షయ రోగుల మీద అచ్చయిన పరిశోధన ప్రకారం ఒక్కొక్కరు సగటున 83 పనిదినాలు పోగొట్టుకున్నారు. నూటికి 11 మంది పిల్లలు బడి మానేశారు. మాత్ర ఉచితమే. ఈ 83 రోజులు ఎవరి ఖాతాలో రాయాలి?

ఈఎస్ఐ ఉంది కదా అంటారు. ఉంది. దీర్ఘకాల జబ్బుల జాబితాలో క్షయ ఉంది. వేతనంలో నూటికి 80 వంతులు, రెండేళ్ళ దాకా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మంచి ఏర్పాటు, కార్మికులు పోరాడి తెచ్చుకున్న ఏర్పాటు. కానీ దానికి రెండేళ్ళ ఎడతెగని సర్వీసు కావాలి, నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 156 రోజుల చందా కావాలి. కాంట్రాక్టు పేరు మార్చి, నడుమ బ్రేకు ఇచ్చి, పదేళ్ళుగా అదే మిషను మీద నిలబడ్డవాణ్ణి కాగితం మీద ప్రతి ఏడూ కొత్తవాణ్ణి చేస్తారు. రెండేళ్ళ సర్వీసు ఎక్కడి నుంచి తెస్తాడు? ఇక తిరుత్తణి వైపు, పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్కుప్పం మరమగ్గాల షెడ్లలో పదిమంది కూడా ఉండరు. పది లేకపోతే ఈఎస్ఐ తప్పనిసరి కాదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

నేను ఒకప్పుడు పనిచేసిన మిల్లులో, దాని పేరెందుకు గానీ, ఒక సైడరుకు తెమడలో క్రిమి కనబడింది. "బాగు చేసుకుని రావయ్యా, పని ఎక్కడికి పోతుంది" అన్నారు. ఆరు నెలలు మందు మింగి, డాక్టరు చీటీ పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మస్టరు చూసి "అన్నా, నీ పేరు లేదే" అన్నాడు. క్రిమి ఊపిరితిత్తి నుంచి పోయింది, పేరు మస్టరు నుంచి పోయింది. ఆ తర్వాత మా సెక్షన్‌లో దగ్గు వచ్చినవాడెవడూ ఆస్పత్రికి పోలేదు, జేబురుమాలు అడ్డం పెట్టుకుని పనిచేశారు. అంటువ్యాధి గురించి యాజమాన్యానికి నిజంగా భయముంటే భయపడాల్సింది దీనికి. జబ్బు చెప్పినవాడి పని తీసేస్తే జబ్బు దాక్కుంటుంది. మామూలు క్షయకు సరైన మందు మొదలైతే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంటించేవాడు చీటీ తెచ్చి చూపినవాడు కాదు, భయపడి దాచినవాడు.

దాక్కుంటే ఏమవుతుందో మన జిల్లా లెక్కలే చెబుతాయి. 1999 నుంచి ఇక్కడ ఎదురుగా మింగించే పద్ధతిలో వైద్యం బాగా నడిపారు. లక్షకు 600 పైచిలుకు ఉన్న రోగులు 2004-06 సర్వే నాటికి 300 పైచిలుకుకు దిగారు. సగం! ఆస్పత్రి సిబ్బందికి దండం పెట్టాలి. కానీ ఆ తర్వాతి సర్వేలో మళ్ళీ పైకి లేచి 390 దాకా వచ్చింది. ఎందుకని పండితులు రకరకాలుగా చెబుతారు. నా మటుకు నాకు, మాత్ర ఒక్కదానితో దిగేంత దిగి అక్కడ ఆగిందనిపిస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి తమిళనాడు ప్రభుత్వం క్షయ చావులు ఆపే పథకం పెట్టింది. జబ్బు తేలిన రోజే మనిషి బరువు, ఊపిరి, లేచి నిలబడగలడా అన్నది చూసి, బలహీనుణ్ణి వెంటనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. బరువు చూడాలని సర్కారుకు కూడా తెలిసింది. మిల్లు డిస్పెన్సరీలో బరువు తూచే మిషను పనిచేస్తోందా, చూసి వచ్చి చెప్పండి.

ఇక దగ్గు అంతా క్షయ కాదు. బ్లోరూమ్, కార్డింగ్ వాళ్ళకు ఇది విడిగా చెప్పాలి. వారం సెలవు తీసుకుని మర్నాడు పనికి వచ్చిన కొన్ని గంటలకు ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు ఉంటుందా? రెండో రోజుకు కాస్త సర్దుకుంటుందా? అది బిసినోసిస్, పత్తి ధూళి జబ్బు. 1950లలో ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో షిల్లింగ్ అనే డాక్టరు ఈ సెలవు మర్నాటి పట్టునే గుర్తుగా పెట్టుకుని జబ్బుకు మెట్లు కట్టాడు. ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనబడదు. "ఫిల్ము క్లియర్‌గా ఉంది, పోయి పని చేసుకో" అంటారు. షిఫ్టు ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి గొట్టంలోకి ఊదిస్తే ఊపిరి ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. అయిదు నిమిషాల పని.

చైనాలో షాంఘై మిల్లుల్లో 1981లో 447 మంది పత్తి కార్మికుల్ని, 472 మంది పట్టు కార్మికుల్ని పక్కపక్కన పెట్టి ముప్పై ఏళ్ళు చూశారు. (పట్టు అనగానే ఆరణి గుర్తొస్తుంది. అది తిరువణ్ణామలై జిల్లా ఆరణి, మన ఏటి ఒడ్డు ఆరణి కాదు.) పత్తి ధూళిలో సూక్ష్మజీవుల విషం ఒకటి ఉంటుంది, పత్తివాళ్ళ ఊపిరి అరిగిపోవడంలో దాని పాత్ర ఉందని చూశారు. ధూళి నుంచి బయటపడ్డాక ఊపిరి కొంత తిరిగి వస్తుందని కూడా చూశారు. అంటే ముసలితనం, బీడీ అని తోసేయడానికి లేదు.

ధూళి తగ్గిస్తే మిల్లు మూతపడుతుందంటారు. 1978లో అమెరికాలో నూలు మిల్లుల్లో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాముల ధూళి మించకూడదని నియమం పెట్టినప్పుడు అక్కడి యజమానులూ ఇదే ఏడుపు ఏడ్చి సుప్రీంకోర్టు దాకా పోయారు. 1981లో ఓడిపోయారు. నియమం అమలైంది. ఖర్చు వాళ్ళు భయపెట్టినంత కాలేదు, కొత్త మిషన్లు వచ్చి ఉత్పత్తి కూడా పెరిగింది. మన దేశంలో కూడా బిసినోసిస్ పాత ఫ్యాక్టరీల చట్టంలో తెలియజేయాల్సిన జబ్బు, 2025 నవంబరు 21 నుంచి అమలుకు వచ్చిన కొత్త కోడ్ షెడ్యూలులో కూడా ఉంది. నష్టపరిహారం జాబితాలో కూడా ఉంది. 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త కోడ్‌లతో మనకున్న తగాదాలు వేరే, అవి ఇంకో సంచికలో. ఉన్న ఈ ఒక్క ముక్కనైనా గోడ మీద అంటించమంటే ఏ మేనేజరూ అంటించడు.

రాబోయే వేతన చర్చల్లో ఈ సంగతులు బోనసు పక్కనే పెడుతున్నాం. క్షయ వైద్యంలో ఉన్నంతకాలం మస్టరులో పేరు ఉండాలి, ఈఎస్ఐ అందనివాడికి యాజమాన్యమే జీతం కట్టాలి. కాంట్రాక్టు బ్రేకును సర్వీసు తెగినట్టు లెక్కించకూడదు. రోగి ఇంటికి నెలనెలా బియ్యం, పప్పు మిల్లు స్టోర్సు నుంచి పోవాలి, ఎన్ని కిలోలో జార్ఖండ్ లెక్క ఉండనే ఉంది. కార్డింగ్, బ్లోరూమ్ వాళ్ళందరికీ ఏడాదికోసారి షిఫ్టుకు ముందూ వెనుకా ఊపిరి పరీక్ష జరగాలి, కాగితం కార్మికుడి చేతికి ఇవ్వాలి, అదీ అతనికి వచ్చిన భాషలో.

అందుకు మీరు చేయాల్సింది కొంత ఉంది. ఈఎస్ఐ చందా పడిన రోజుల వివరం సెల్‌ఫోనులో తీయించి, కాంట్రాక్టరు మారిన తేదీలతో సహా యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. సెలవు మర్నాడు ఛాతీ పట్టేసేవాళ్ళు ఆ తేదీ, ఏ సెక్షన్, ఎన్ని గంటలకు మొదలైంది అన్నది వరసగా ఎనిమిది వారాలు రాసి పెట్టండి. రాయడం రానివాళ్ళ చేత వాళ్ళ పిల్లలు చెప్పించుకుని రాయాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ఇవేవీ తేలేదాకా ఆగవద్దు, రేపే పోయి తెమడ ఇవ్వండి. గేటు దగ్గర ఎవరైనా ఏమైనా అంటే వాళ్ళ పేరు, టైము కూడా రాసుకుని రండి.