పక్షవాతానికి పింఛను ఉంది, ఇంటి వద్ద వైద్యం ఏదీ?

పేరాలలో మగ్గం ఆగిపోయిందంటే అందరికీ తెలిసిన కారణాలు కొన్ని ఉన్నాయి. నూలు ధర పెరగడం, నేసిన సరుకు కదలకపోవడం, వానలకు మగ్గం గుంటలోకి నీరు ఊరడం. వీటి గురించి సభలు జరుగుతాయి, వినతి పత్రాలు వెళ్తాయి. ఎవరూ వినతి పత్రం ఇవ్వని కారణం మరొకటి ఉంది. అది పక్షవాతం.

గుంట మగ్గం పని రెండు చేతులు, రెండు కాళ్లు కలిస్తేనే సాగే పని. కాళ్లు గుంటలో చెక్కలు తొక్కుతూ ఉండాలి, ఒక చెయ్యి నాడె ఆడించాలి, మరో చెయ్యి పేకను దగ్గరకు కొట్టాలి. ఒక పక్క చచ్చుబడితే నేత పని ఆ రోజుతో సరి. ఆగేది ఆ ఒక్క మనిషి పనే కాదు. పక్కన కూర్చుని కండెలు చుట్టే భార్య రాట్నం వదిలి మంచం దగ్గర చేరుతుంది. ఆమెకు కూలి పోతుంది, నిద్ర పోతుంది, కొన్నాళ్లకు నడుమూ పోతుంది. వేటపాలెం నుంచి బాపట్ల వరకు చేనేత ఇళ్లలోనూ, రేపల్లె, తెనాలి వైపు వ్యవసాయ కూలీల ఇళ్లలోనూ పక్షవాతం వచ్చిన కుటుంబం కథ ఇదే. వ్యాధి ఒకరికి, ఎత్తిపోయే సంపాదనలు రెండు.

మొదటి గంటల సంగతి ముందు చెప్పుకోవాలి. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి పైకెత్తితే కిందికి జారిపోతున్నా, మాట ముద్దగా వచ్చినా, ఆగిపోయినా వెంటనే 108కి ఫోను చేయాలి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందు ఇవ్వాలంటే లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. గడ్డ కట్టిందా, నాళం చిట్లిందా అన్నది సి.టి. స్కాను తీస్తే తప్ప ఎంత పెద్ద డాక్టరుకైనా తెలియదు. చిట్లిన నాళానికి రక్తం పలచబరిచే మాత్ర వేస్తే ప్రాణానికే ముప్పు. కనుక ఇంటి దగ్గర ఎవరికి వారు మాత్రలు వేసి చూడటం మంచిది కాదు. గుంటూరో ఒంగోలో చేరడానికి గంటకు పైగా పట్టే ఊళ్లలో “తెల్లారనిద్దాం” అనుకోవడం ఎంత నష్టమో వేరే చెప్పనక్కర లేదు.

ఇక పావురం రక్తం సంగతి. పావురాన్ని కోసి ఆ వెచ్చని రక్తం చచ్చుబడిన కాలికీ చేతికీ పూస్తే పట్టు వస్తుందన్న నమ్మకం మన పల్లెల్లో నేటికీ పోలేదు. లోపం ఉన్నది మెదడులో, పూత పడేది చర్మం మీద. దాని వల్ల పోయేది పావురం ప్రాణం, కొంత డబ్బు. పసరు తాగించడం అంతకంటే ప్రమాదకరం. పక్షవాతం వచ్చిన చాలామందికి మొదటి రోజుల్లో గొంతు కండరాలు సరిగా పని చేయవు. పడుకోబెట్టి నోట్లో పోసిన పసరు, చివరకు మంచినీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్మువస్తుంది. రోగి పక్షవాతం నుంచి తప్పించుకుని దానితో పోవడం జరుగుతోంది. పసరు ఇచ్చేవారు పథ్యం పేరుతో బి.పి. మాత్రలు ఆపించడం మరో ఘోరం. ఈ జబ్బుకు ప్రధాన కారణమే రక్తపోటు. మాత్ర ఆపితే రెండోసారి వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు మొదటిసారి మిగిల్చిన దాన్ని కూడా తీసుకుపోతుంది. ఆవకాయ, ఎండుచేప, చుట్ట, ఈ మూడూ మానమంటే మన జిల్లాలో ఎవరికీ రుచించదు గానీ, మానక తప్పదు.

ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపిస్తారు. పంపేటప్పుడు ఇచ్చే చీటీలో మందుల పేర్ల కింద “వ్యాయామం చేయించాలి” అని ఒక ముక్క ఉంటుంది. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఎవరు చేయించాలి? అది చీటీలో ఉండదు. అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. కోలుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లోనే. ఆ మూడు నెలలూ రోగి ఇంట్లో, పల్లంగా జారిన నులక మంచం మీద, చచ్చుబడిన చెయ్యి నడుము కింద నలుగుతూ పడి ఉంటాడు.

చేయవలసినవి బ్రహ్మవిద్యలేమీ కావు. కుంగిన నులక మంచానికి బదులు గట్టి చెక్క బల్ల మీద పరుపు వేయాలి. తనంతట తాను కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. లేపేటప్పుడు చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగకూడదు. ప్రేమతోనే లాగుతారు, కానీ పట్టు లేని భుజం కీలు జారి జీవితాంతం నొప్పి మిగులుతుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు బలహీనమైన చెయ్యి, విప్పేటప్పుడు అది చివర. అన్నం నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపి, కొంచెం కొంచెంగా పెట్టాలి. కుర్చీ మధ్య రంధ్రం కోయించి కింద బక్కెట్టు పెడితే మరుగుదొడ్డికి మోసే బాధ తగ్గుతుంది. దీనికి ఊళ్లోని వడ్రంగి చాలు. చేతిలో కాస్త కదలిక వచ్చాక, వ్యాయామం నేర్పేవారిని అడిగి, ఆ చేతితోనే రాట్నం పిడి తిప్పించవచ్చు. ఏ పని తిరిగి రావాలో ఆ పనినే పదే పదే చేయించడం ఈ వైద్యంలో ముఖ్య సూత్రం.

మాట పడిపోయిన వారి బాధ చాలామందికి అర్థం కాదు. కుడి పక్క పడిపోయిన వారిలో చాలామందికి మాట కూడా పోతుంది. చెప్పదలచుకున్నది లోపల ఉంటుంది, పదం నోటికి రాదు. “మతి పోయింది” అని ఎదురుగానే అనేస్తుంటారు. ఆ మాట అతనికి వినపడుతుంది. ఉన్నట్టుండి ఏడ్చే రోగిని చూసి చుట్టాలు విసుక్కుంటారు. మనసు కుంగిపోవడం ఈ జబ్బులో భాగమే, దానికీ మందులున్నాయి.

ఇవన్నీ కుటుంబానికి నేర్పితే సరిపోతుందా? సరిపోదని రుజువైంది. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. ఇంటివారికి శిక్షణ ఇచ్చి వ్యాయామం వారి చేతనే చేయించిన రోగులకూ, మామూలు పద్ధతిలో ఇంటికి వెళ్లిన రోగులకూ ఆరు నెలల తరువాత తేడా కనిపించలేదు. రెండు వర్గాల్లోనూ సగానికి కాస్త తక్కువగా మరణించడమో, ఒకరి మీద ఆధారపడి మిగలడమో జరిగింది. పుండ్లు పడకుండా, పొరమారకుండా ఇల్లాలు చూసుకోగలదు. కానీ పడిపోయిన కాలిని నడిపించే విద్య చదువుకున్నవాడు రావలసిందే. ఖర్చు లేని పని గదా అని భారమంతా ఆమె మీదకు నెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఈ లెక్క చూసి మానుకోవాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం అన్యాయం. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలు చేశారు. ఒక నేత కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. ఎన్ని ఇళ్లలో పొయ్యి దీనితోనే వెలుగుతోందో పేరాలలో అడిగితే చెబుతారు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. మంచంలో ఉంటే పదిహేను వేలు, కష్టపడి కర్ర ఊతంతో లేచి నిలబడితే ఆరు వేలు. లేవమని చెప్పే వైద్యుడు లేడు, లేస్తే తొమ్మిది వేలు పోతాయన్న భయం మాత్రం ఉంది. అటువంటప్పుడు రోగి మంచం దిగకపోతే తప్పు రోగిదా? లేచిన వాడికి కనీసం ఒక ఏడాది పాటు పాత మొత్తమే ఇచ్చే ఏర్పాటు ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

2025 జనవరిలో ఈ పదిహేను వేల పింఛనుదారులను తనిఖీ చేయడానికి డాక్టర్ల బృందాలు ఇంటింటికీ వెళ్లాయి. కాళ్లు చేతులు ఎత్తించి చూశారు, కాగితాలు నింపుకున్నారు, వెళ్లిపోయారు. అనర్హులను ఏరివేయడం అవసరమే, కాదనేవారు లేరు. కానీ జబ్బు నిజమా కాదా అని చూడటానికి రాగలిగిన డాక్టరు, నిజమైన జబ్బుకు చికిత్స చేయడానికి ఎందుకు రాలేడన్నది మంచాన ఉన్నవారి ప్రశ్న.

కొత్త చట్టాలేమీ అక్కర లేదు. 2010లో కేంద్రం ప్రారంభించిన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమంలో, సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచి పునరావాస కార్యకర్త మంచం పట్టిన వృద్ధుల ఇళ్లకు వెళ్లాలని రాసే ఉంది. కేరళలో 2008లో విధానం ప్రకటించి, పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులను మంచం పట్టినవారి ఇళ్లకు పంపుతున్నారు. అక్కడి పంచాయతీ చేయగలిగింది ఇక్కడి పంచాయతీ, మునిసిపాలిటీ చేయలేనిదేమీ కాదు. 1921లో పన్ను విషయమై పట్టుబట్టి ఊరంతా ఖాళీ చేసి రామనగర్ పాకల్లో దాదాపు పదకొండు నెలలు గడిపిన చీరాల–పేరాలకు, అదే మునిసిపాలిటీని ఇవాళ ఒక ఫిజియోథెరపిస్టు కోసం అడగడం కష్టమేమీ కాదు.

బాపట్ల జిల్లా యంత్రాంగం ముందుగా ఒక పని చేయవచ్చు. పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ప్రతి రోగి పేరు ఆ వారంలోనే సచివాలయానికి చేరాలి. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లయినా ఫిజియోథెరపిస్టు ఆ ఇంటికి వెళ్లాలి. ఆ రెండు పూటలైనా ఇల్లాలు కాసేపు రాట్నం దగ్గర కూర్చుంటుంది, లేదా నిద్రపోతుంది. దారి వెతుక్కోవలసిన అవసరం కూడా లేదు. ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయమే పింఛను డబ్బు పట్టుకుని సచివాలయ ఉద్యోగులు తడుతున్న తలుపులు అవే.