ఇంద్రావతికి ఒకే లెక్క కావాలి

నదీజలాల తగాదా ఢిల్లీకి చేరేసరికి కాగితాల కట్టగా మారిపోతుంది. ఆ కట్టలో వాటాలుంటాయి, వాదాలుంటాయి. నది మాత్రం కనిపించదు. బస్తర్‌లో జగదల్‌పూర్ పక్కగా పారే ఇంద్రావతి ఇందుకు నిదర్శనం.

ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఈ నది జగదల్‌పూర్ చేరకముందే, జోరా నాలా అనే వాగు దాని నీటిని శబరి వైపు లాగివేస్తున్నది. సరిహద్దు వద్ద ఏటా 45 టి.ఎం.సి.లు అందవలెనని నాటి మధ్యప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాలు 1975లో ఒప్పుకున్నాయి. 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో ఆ ఒప్పందం చేరింది. తర్వాత జోరా మొదట్లో నీటిని పంచే కట్టడమూ లేచింది. అయినా తగాదా తెగలేదు. వేసవి వస్తే చిత్రకోట్ జలపాతం సన్నబడుతూనే వున్నది.

మనకేమిటి అని తెలుగు పాఠకులు అనుకోరాదు. ఇంద్రావతి భద్రాచలానికి ఎగువన గోదావరిలో కలుస్తుంది. శబరి దిగువన, కూనవరం వద్ద కలుస్తుంది. జోరాలోకి మళ్లిన నీరు భద్రాచలాన్ని తాకకుండానే పోలవరం చేరుతుంది. శబరి పొంగితే భద్రాచలంలో వరద త్వరగా దిగదు. పోలవరం ముంపుపై ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టు కెక్కినది ప్రధానంగా శబరి, సీలేరు లోయల కోసమే.

నది ఒకటే, లెక్కలు రాష్ట్రానికొకటి. ఇదీ అసలు జబ్బు. మన ఇంజనీర్ల సామర్థ్యాన్ని నేను శంకించడం లేదు. ఆనకట్టనో కాలువనో విడిగా కట్టడంలో వారు ఎవరికీ తీసిపోరు. పరీవాహక ప్రాంతాన్నంతా ఒకే వ్యవస్థగా చూచే పనిముట్లను అందరూ కలిసి వాడడమే కొరవడినది. ఈ పద్ధతిపై హార్వర్డ్ పండితులు 1962లోనే ఉద్గ్రంథం వెలువరించారు. అమెరికా సైనిక ఇంజనీర్ల దళం రూపొందించిన హెక్-రాస్ వంటి కంప్యూటర్ నమూనాలు నేడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకచోట తలుపు ఎత్తితే మరొకచోట నీటిమట్టం ఎంత మారునో అవి అంచనా కట్టగలవు.

అనుభవానికి యంత్రం సాటి యగునా అని పెద్ద ఇంజనీర్లు అడుగవచ్చును. కాదు. తప్పుడు కొలతలిస్తే నమూనా తప్పే చెబుతుంది. కాని ఎవరు ఏ కొలతతో, ఏ ఊహతో లెక్క కట్టారో అందరికీ కనిపించేలా చేస్తుంది. న్యాయస్థానాల్లో ఏళ్లు గడిచేది ఆ సంగతి తేలకనే గదా!

కనుక కేంద్ర జలసంఘం ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంజనీర్లను ఒకే నమూనా ముందు కూర్చోబెట్టాలి. కొలతలు దాచుకోకుండా ప్రభుత్వాలు పంచుకోవాలి. వాటాలు తేల్చవలసినది రాజకీయమే. అయితే నీరెంత, ఎటు పోతున్నది అన్నదానికి కూడా రాజకీయమే జవాబు చెప్పే దుస్థితి నుంచి మనలను తప్పించగలవారు ఇంజనీర్లే.